“దొరకలేదు” అన్న జవాబును నమ్మదగినదిగా చేయడం: ఒక తయారీ సంస్థ కాగితపు రికార్డుల డిజిటలీకరణపై కేస్ స్టడీ

ఈ సంస్థ పరిశ్రమలకు అవసరమైన ప్రెషర్ వెసెళ్లను (ఒత్తిడిలో ఉన్న వాయువులను, ద్రవాలను ఉంచే ఉక్కు పాత్రలను), వాల్వులను కొన్ని దశాబ్దాలుగా తయారు చేస్తోంది. ఒప్పంద పత్రాలు, కొనుగోలు ఆర్డర్లు, ఇన్‌వాయిస్‌లు, ఇంజనీరింగ్ డ్రాయింగులు, ఉక్కు ప్లేట్ల పరీక్షా ధ్రువపత్రాలు, ఉద్యోగుల సర్వీసు ఫైళ్లు, బోర్డు సమావేశాల మినిట్స్ పుస్తకాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు అన్నీ కలిసి లక్షల పుటల కాగితం రికార్డు గదుల్లోను, ఆయా విభాగాల బీరువాల్లోను పేరుకుని ఉంది. దీనిని వెతకడానికి వీలైన డిజిటల్ ఆర్కైవ్‌గా మార్చే పనిలో సాంకేతిక బాధ్యత నాది. మేము ఏమి చేశామన్న దానికంటే, ఒక్కొక్క నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నదే ఇలాంటి పని చేపట్టబోయేవారికి ఎక్కువ ఉపయోగపడుతుందని భావించి, ఆ కారణాలకే ఇక్కడ ఎక్కువ చోటిస్తున్నాను.

పని మొదలవడానికి ఒక సంఘటన కారణమైంది. పాత వినియోగదారు ఒకరు, తాము చాలా ఏళ్ల క్రితం కొన్న వెసెల్‌లో వాడిన ఉక్కు ప్లేటు పరీక్షా ధ్రువపత్రం పంపమని కోరారు. రికార్డు గది సిబ్బంది ఆ ఆర్డరు ఫైలంతా వెతికి లేదని చెప్పారు. సంస్థ అదే మాటను రాతపూర్వకంగా వినియోగదారుకు తెలియజేసింది. కొన్ని నెలల తరువాత ఆ ధ్రువపత్రం మరొక ఆర్డరు ఫైలులో బయటపడింది. ఒకే ప్లేటును కోసి రెండు ఆర్డర్లకు వాడడం వల్ల, కాగితం మొదటి ఆర్డరు ఫైలులోనే ఉండిపోయింది. సిబ్బంది తప్పేమీ చేయలేదు. వెతకవలసిన చోట శ్రద్ధగానే వెతికారు. కాగితం ఉన్న చోటికి దారి చూపే సూచిక మాత్రం ఎక్కడా లేదు.

యాజమాన్యం దీనిని వేగానికి సంబంధించిన సమస్యగా చూసింది. అన్నీ స్కాన్ చేసి, ఓసీఆర్ (చిత్రంలోని అక్షరాలను గుర్తించి, వెతకడానికి వీలైన పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్) నడిపి, వెతుకులాట పెట్టె ఒకటి అమర్చితే ఏ కాగితమైనా క్షణాల్లో దొరుకుతుందని వారి ఆశ. నేను మొదటి సమావేశంలోనే వేరొక లక్ష్యాన్ని ప్రతిపాదించాను. ఒక కాగితం దొరికినప్పుడు అది సరైనదో కాదో చూసిన వెంటనే తెలుస్తుంది. దొరకనప్పుడు మాత్రం, అది నిజంగా సంస్థ వద్ద లేదా, లేక మన వెతుకులాటకు అందలేదా అన్నది తెలుసుకోవడానికి వేరే ఆధారం ఉండదు. పైగా కంప్యూటర్ చూపించే ఖాళీ ఫలితాన్ని మనుషులు రికార్డు క్లర్కు మాట కంటే తేలికగా నమ్ముతారు. కాబట్టి ఆర్కైవ్ “దొరకలేదు” అని చెప్పినప్పుడు ఆ జవాబు మీద సంతకం పెట్టగలిగే స్థితి రావాలి. కింద వివరించిన ఏర్పాట్లన్నీ ఈ ఒక్క షరతు నుంచి పుట్టినవే.

అడిగే ప్రశ్నల నుంచి మొదలుపెట్టడం

స్కానర్లు కొనడానికి ముందు ప్రతి విభాగంతోనూ కూర్చుని, గతంలో వారు రికార్డు గదికి పంపిన విన్నపాలను చదివాము. చీటీల మీద, ఈమెయిళ్లలో ఉన్న ఆ విన్నపాలు చాలా విలువైన సమాచారం. పాఠంలోని పదాలను గుర్తుపెట్టుకుని కాగితం అడిగినవారు అరుదు. అత్యధికులు ఒక సంఖ్యతో అడిగారు: ఆర్డరు నంబరు, పరికరం మీద చెక్కిన సీరియల్ నంబరు, డ్రాయింగు నంబరు, ఉక్కును కరిగించిన బ్యాచ్‌ను గుర్తించే హీట్ నంబరు. తక్కినవారు సరఫరాదారు పేరుతోనో, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు అన్న కాలవ్యవధితోనో అడిగారు. అంటే మా ఆర్కైవ్‌కు ప్రాణం సంఖ్యల్లో, పేర్లలో, తేదీల్లో ఉంది. ఓసీఆర్ ఎక్కువగా తడబడేది కూడా సరిగ్గా అక్కడే.

ఆ తరువాత పెట్టె వారీగా జాబితా తయారు చేశాము. ప్రతి పెట్టెకు, ప్రతి ఫైలుకు బార్‌కోడ్ అంటించి, ఫైలు అట్ట మీద రాసి ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టుగా నమోదు చేశాము. ఏ విభాగం సృష్టించిన ఫైళ్లు ఆ విభాగం పేరుతోనే, అవి ఉన్న వరుసలోనే ఉండాలన్న ఆర్కైవిస్టుల పాత నియమాన్ని కచ్చితంగా పాటించాము. ఒక కాగితం పక్కన ఏ కాగితం ఉందన్నది కూడా సమాచారమే. తేదీ లేని ఉత్తరానికి ముందూ వెనుకా ఉన్న ఉత్తరాలే దాని కాలాన్ని చెబుతాయి. విషయాల వారీగా తిరిగి సర్దుదామన్న సూచన ఒకటి వచ్చింది కానీ, ఆ పని తెర మీద ఎన్ని రకాలుగానైనా చేసుకోవచ్చని, కాగితాన్ని ఒకసారి చెదరగొడితే పాత వరుస తిరిగి రాదని వివరించి ఆపాము.

ఈ జాబితాలో నేను పట్టుబట్టి చేర్పించిన అంశం, లేనివాటి నమోదు. ఒక ఆర్డరుకు మొదటి, రెండవ, నాలుగవ సంపుటాలు మాత్రమే కనిపిస్తే, మూడవ సంపుటానికి కూడా ఒక వరుస తెరిచి “జాబితా సమయానికి కనబడలేదు” అని రాశాము. నీటిలో తడిసి పారవేసినవాటికి, న్యాయస్థానానికి పంపి తిరిగి రానివాటికి కూడా అలాగే వరుసలు పెట్టించాము. రికార్డుల నిర్వహణపై 2001లో వెలువడి 2016లో సవరించబడిన ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 15489 ప్రమాణం, రికార్డులు నమ్మదగినవిగా, సమగ్రంగా ఉండాలని చెబుతుంది. చేతిలో ఉన్నదాని హద్దులను నిజాయితీగా ప్రకటించడం కూడా ఆ సమగ్రతలో భాగమేనని నా దృఢమైన అభిప్రాయం.

అన్నిటినీ స్కాన్ చేయలేదు. చట్టం నిర్దేశించిన నిల్వ గడువు దాటి, వ్యాపారపరంగా గానీ చారిత్రకంగా గానీ విలువ లేదని సంబంధిత విభాగం, న్యాయ విభాగం రెండూ రాసి ఇచ్చిన రికార్డు వరుసలను, అంటే ఒకే రకం ఫైళ్ల శ్రేణులను, పక్కన పెట్టాము. నకళ్ల విషయంలో మాత్రం తొందరపడలేదు. ఒకే ఉత్తరానికి ఉన్న రెండు కార్బన్ కాపీల్లో ఒకదాని అంచున “ధర తగ్గించడానికి అంగీకరించారు” అన్న పెన్సిల్ రాత ఉంటే, అది నకలు కాదు, వేరే రికార్డు.

కాగితాన్ని సిద్ధం చేయడం

ఎక్కువ శ్రమ ఇక్కడే పడింది. తుప్పు పట్టిన పిన్నులను లాగకుండా, వెనుక కాళ్లను ముందు తెరిచి నెమ్మదిగా తీయాలి. మడతలను విప్పి బరువు కింద ఉంచాలి. చిరిగిన అంచులకు మామూలు జిగురు టేపు వేయకూడదు, ఎందుకంటే కాలం గడిచేకొద్దీ ఆ జిగురే కాగితాన్ని పసుపు చేసి తినేస్తుంది. చిరిగిన పుటలను పారదర్శకమైన కవరులో పెట్టి స్కాన్ చేయడం మేలు. పాత ఫ్యాక్స్ సందేశాలు, రసీదులు థర్మల్ కాగితం మీద ఉన్నాయి. ఆ కాగితం మీద అక్షరాలు సిరాతో కాక వేడికి రంగు మారే పూతతో ఏర్పడతాయి కనుక అవి వెలుతురుకు, తేమకు, ప్లాస్టిక్ కవరులోని రసాయనాలకు వెలిసిపోతూనే ఉంటాయి. వేడి తగిలితే పుటంతా నల్లబడుతుంది. అందువల్ల వరుస క్రమాన్ని పక్కన పెట్టి, థర్మల్ పుటలను అన్నిటికంటే ముందు స్కాన్ చేయించి, ఏ ఫైలులో ఏ స్థానం నుంచి తీశామో గుర్తు పెట్టాము.

అంటించిన చిన్న చీటీలు ఉన్న పుటలను చీటీతో ఒకసారి, చీటీ ఎత్తి ఒకసారి తీశాము. కుట్టిన లెడ్జర్లను విప్పకుండా పైనుంచి చిత్రం తీసే స్కానర్ వాడాము. ఏ0 పరిమాణం, అంటే 841×1189 మిల్లీమీటర్ల డ్రాయింగులకు వెడల్పు స్కానర్ అవసరమైంది. నీలి నేల మీద తెల్ల గీతలతో ఉన్న బ్లూప్రింట్లకు ఓసీఆర్‌కు ముందు రంగులను తిరగవేశాము. వాటి మాస్టర్ చిత్రాన్ని, అంటే శాశ్వతంగా దాచే ప్రతిని మాత్రం నీలిరంగులోనే ఉంచాము.

ఖాళీ పుటలను తనంతట తానే తొలగించే సదుపాయం దాదాపు ప్రతి స్కానర్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది. మేము దానిని ఆపివేశాము. కాగితం వెనుక వైపున సన్నని పెన్సిల్‌తో రాసిన రెండు అంకెల కూడికను ఆ సదుపాయం ఖాళీగానే భావిస్తుంది. ఖాళీ అనిపించిన పుటలకు గుర్తు మాత్రం పెట్టించి, చూసేవారి తెర మీద అవి ముడుచుకుని ఉండేలా చేశాము, తెరిస్తే కనిపిస్తాయి. ఒకేసారి రెండు కాగితాలు లోపలికి వెళితే ధ్వని తరంగాలతో పసిగట్టే సెన్సార్లు ఉన్న యంత్రాలనే ఎంచుకున్నాము. అయినా ఆ సెన్సార్‌నే నమ్ముకోకుండా, కాగితాలను సిద్ధం చేసేవారు ప్రతి ఫైలులోని పుటలను లెక్కపెట్టి అట్ట మీద వేసిన సంఖ్యతో చిత్రాల సంఖ్యను సరిపోల్చి చూడడాన్ని నియమంగా పెట్టుకున్నాము. సరిపోలని ఫైలు ముందుకు కదలదు.

చిత్రం, కుదింపు

మామూలు పుటలకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), చిన్న అక్షరాలు లేదా మసక కార్బన్ కాపీలకు 400 డీపీఐ, రెండిటికీ 24 బిట్ల రంగు అని నిర్ణయించాము. 300 డీపీఐ వద్ద ఒక ఏ4 పుట 2480×3508 పిక్సెళ్లు అవుతుంది. ఫైలు పరిమాణాన్ని తగ్గించే కుదింపు లేకుండా ఉంచితే రంగులో సుమారు 26 మెగాబైట్లు, నలుపు-తెలుపులో సుమారు ఒక మెగాబైటు. ఈ తేడా చూసి సమాచార సాంకేతిక విభాగం నలుపు-తెలుపు చాలని వాదించింది. వారి ఆందోళన సమంజసమే. అయితే ఈ సంస్థలో రద్దు చేసిన పంక్తులను ఎర్ర సిరాతో కొట్టివేసేవారు; తనిఖీ అధికారి ఆమోద ముద్ర ఊదా రంగులో, తిరస్కరణ ముద్ర ఎరుపులో ఉండేది. నలుపు-తెలుపు చిత్రంలో ఆమోదమూ తిరస్కరణా ఒకేలా కనిపిస్తాయి. కొన్ని నమూనా పుటలను రెండు విధాలుగానూ ముద్రించి చూపిన తరువాత వాదన ముగిసింది.

కుదింపు విషయంలో ఒక ప్రసిద్ధ సంఘటనను సిబ్బందికి వివరించాము. 2013లో జర్మన్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ క్రీసెల్, జిరాక్స్ వర్క్‌సెంటర్ శ్రేణిలోని కొన్ని యంత్రాలు స్కాన్ చేసినప్పుడు అంకెలు మారిపోతున్నాయని బయటపెట్టారు. 6 ఉండవలసిన చోట 8 వచ్చింది. అది ఓసీఆర్ లోపం కాదు. జేబిగ్2 అనే కుదింపు పద్ధతి, ఒకేలా ఉన్నాయనుకున్న చిన్న ముక్కలను ఒకే ముక్కతో భర్తీ చేయడం వల్ల చిత్రమే మారిపోయింది. మసకగా ఉన్న అంకె చదవరాకపోతే మనిషికి సందేహం వస్తుంది. ఈ పద్ధతిలో అంకె తేటగా, తప్పుగా కనిపిస్తుంది. జిరాక్స్ సంస్థ తరువాత సాఫ్ట్‌వేర్ సవరణలు విడుదల చేసింది. మేము మాత్రం ఇలా ముక్కలను భర్తీ చేసే కుదింపును ఏ దశలోనూ వాడకూడదని ఒప్పందంలోనే రాయించి, స్కానింగ్ యంత్రాల సెట్టింగులను తాళం వేసి ఉంచాము. మాస్టర్ ప్రతులు చిత్రంలో ఏమీ పోని కుదింపుతో టిఫ్ అనే చిత్ర ఫైలు రూపంలో, వాడుక ప్రతులు పీడీఎఫ్/ఏ-2లో తయారయ్యాయి. దీర్ఘకాల నిల్వ కోసం 2005లో ఐఎస్‌ఓ 19005 పేరుతో మొదలైన పీడీఎఫ్/ఏ ప్రమాణం, పుటను చూపించడానికి అవసరమైన ఫాంట్లతో సహా అన్నీ ఫైలులోపలే ఉండాలని నిర్దేశిస్తుంది. చిత్రం పైన, ఓసీఆర్ పాఠం కనబడకుండా దాని కింద ఉంటుంది.

అంకెలు ఎందుకు దొరకవు

ఓసీఆర్ కోసం టెసరాక్ట్ ఇంజన్‌ను వాడాము. హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థలో 1980లలో మొదలై, 2005లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన ఈ ఇంజన్, 2018లో వచ్చిన నాలుగవ వెర్షన్ నుంచి న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణల నుంచి నేర్చుకునే గణన పద్ధతి) ఆధారంగా పని చేస్తోంది. శుభ్రమైన అచ్చు పుటల మీద దీని ఫలితాలు బాగానే ఉంటాయి. అయితే “99 శాతం కచ్చితత్వం” అన్న మాట వినడానికి ఎంత బాగున్నా, వెతుకులాటలో దాని అర్థం ఏమిటో లెక్కకట్టి చూడాలి. అక్షరానికి 99 శాతం అంటే, ఎనిమిది అంకెల ఆర్డరు నంబరు మొత్తం సరిగ్గా రావడానికి అవకాశం సుమారు 92 శాతమే. వంద నంబర్లలో దాదాపు ఎనిమిది వెతికినా దొరకవు. మసక పుటల్లో అక్షర కచ్చితత్వం 98 శాతానికి తగ్గితే, దొరకనివి పదిహేను వరకు చేరతాయి. పదాలతో నిండిన ఉత్తరంలో ఒక పదం తప్పినా అదే విషయం మరో పదం ద్వారా దొరుకుతుంది. నంబరుకు అలాంటి రెండవ అవకాశం ఉండదు.

అందువల్ల ముందుగా గుర్తించిన కీలక సంఖ్యలను ఓసీఆర్‌కు వదిలిపెట్టలేదు. ఇద్దరు వేర్వేరు వ్యక్తులు, ఒకరు టైపు చేసినది మరొకరికి కనబడకుండా, చిత్రం చూసి నమోదు చేశారు. ఇద్దరివీ సరిపోలకపోతే మూడవవారు నిర్ణయించారు. పాత ఆర్డరు రిజిస్టర్లలోని వరుస సంఖ్యలతో మరోసారి సరిచూశాము. రిజిస్టరులో ఉండి ఏ ఫైలులోనూ కనిపించని ఆర్డరు లేనివాటి జాబితాలోకి చేరింది. ధ్రువపత్రాల్లోని హీట్ నంబరును విడిగా నమోదు చేసి, ఆ నంబరు ప్రస్తావన ఉన్న ప్రతి ఆర్డరుకూ లంకె వేశాము. మొదట చెప్పిన ధ్రువపత్రం లాంటివి ఇప్పుడు ఏ ఆర్డరు నుంచి వెతికినా కనిపిస్తాయి.

సరఫరాదారుల పేర్లకు ఒక ప్రామాణిక జాబితా అవసరమైంది. పేర్లు మార్చుకున్న సంస్థలు, విలీనమైన సంస్థలు, గుమాస్తాలు తలా ఒక విధంగా కుదించి రాసిన పేర్లు అన్నిటినీ ఒక గుర్తింపు సంఖ్య కిందికి తెచ్చి, ఏ రూపంతో వెతికినా తక్కినవి కూడా వచ్చేలా చేశాము. మిగిలిన పాఠంలో సున్నాకూ ఓ అక్షరానికీ, ఒకటికీ ఐ అక్షరానికీ, ఐదుకూ ఎస్‌కూ, ఎనిమిదికీ బీకీ జరిగే తికమకను దృష్టిలో పెట్టుకుని, ఒకటి రెండు అక్షరాల తేడాను అనుమతించే వెతుకులాటను రెండవ మెట్టుగా ఉంచాము. దానిని మొదటి మెట్టులోనే కలిపితే అనవసరమైన ఫలితాల గుంపులో అవసరమైనది మునిగిపోతుంది.

ఫలితం కింద రాసే వాక్యం

ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే భాగం తెర మీద రెండు పంక్తులే ఆక్రమిస్తుంది. ఓసీఆర్ ఇంజన్ ప్రతి పదానికీ తన నమ్మకాన్ని ఒక అంకెతో చెబుతుంది. దానిని పారవేయకుండా పుట వారీగా నిల్వ చేసి, ఒక హద్దు కంటే తక్కువ ఉన్న పుటలను “పాఠం ఆధారపడదగినది కాదు” అని గుర్తించాము. వినియోగదారు వెతికినప్పుడు ఫలితాల కింద, ఆ వెతుకులాట ఏయే వరుసల మీద, ఏ సంవత్సరాల మధ్య జరిగింది, అందులో ఎన్ని ఫైళ్ల పాఠం ఆధారపడదగినది కాదు, ఏ సంపుటాలు జాబితా సమయానికే లేవు, ఏవి ఇంకా స్కాన్ కాలేదు అన్నది కనిపిస్తుంది. ఫలితాలు లేనప్పుడు ఆ వాక్యమే జవాబు. న్యాయ విభాగం ఇప్పుడు బయటివారికి ఇచ్చే ఉత్తరాల్లో ఈ పరిధిని పేర్కొంటోంది. కనబడని మూడు సంపుటాల పేర్లు చెప్పి, వాటిని మినహాయించి వెతికామని రాయడం, ఉత్తి “మా వద్ద లేదు” కంటే ఎంతో బలమైన ప్రకటన.

అనుమతుల విషయం ఇక్కడే చిక్కు తెచ్చింది. ఉద్యోగుల సర్వీసు ఫైళ్లు, వైద్య పత్రాలు అందరికీ కనబడకూడదు. ఫైలు తెరవనివ్వకపోయినా, ఫలితాల్లో రెండు పంక్తుల పాఠం కనిపిస్తే రహస్యం బయటపడినట్టే. ఒక పేరు వెతికినప్పుడు క్రమశిక్షణ ఫైళ్లలో ఒక ఫలితం ఉందన్న లెక్క కనిపించినా అంతే. వాటిని పూర్తిగా దాచేస్తే, ఇందాకటి “దొరకలేదు” అబద్ధమవుతుంది. చివరకు నిషిద్ధ వరుసల్లో ఫలితం ఉన్నా లేకపోయినా ఒకే వాక్యం, “మీ అనుమతి పరిధిలో లేని వరుసలను ఈ వెతుకులాట చూడలేదు” అని, ప్రతిసారీ వచ్చేలా చేశాము.

పరీక్షించిన తీరు

చిత్రాల నాణ్యతకు నమూనా తనిఖీలు మామూలుగానే జరిగాయి. వెతుకులాటను పరీక్షించడానికి మాత్రం కాగితం నుంచి మొదలుపెట్టాము. ఒకరు రికార్డు గదిలో ఏదో ఒక పెట్టె నుంచి ఒక కాగితం తీసి, దానిని అడిగే ప్రశ్నను తమ సొంత మాటల్లో రాసి పెడతారు. ఆ కాగితం చూడని మరొకరు ఆర్కైవ్‌లో వెతుకుతారు. దొరకకపోతే కారణం రాయాలి: నమోదు లోపమా, ఓసీఆర్ లోపమా, ప్రశ్న అడిగిన మాట ఆర్కైవ్‌లో మరో రూపంలో ఉందా. తెర మీద వచ్చిన ఫలితాలు సరైనవా అని చూసే తనిఖీ, రాని ఫలితాలను ఎన్నటికీ పట్టుకోలేదు. ప్రశ్నలు రాసే పనిని పదవీ విరమణకు దగ్గరలో ఉన్న సిబ్బందికి అప్పగించడం చాలా మేలు చేసింది. విభాగాల పాత పేర్లు, యంత్రాలకు కార్ఖానాలో ఉన్న వాడుక పేర్లు వారి ప్రశ్నల ద్వారానే పర్యాయపదాల జాబితాలోకి వచ్చాయి.

నిల్వ విషయంలో కొత్తదనం లేదు. ప్రతి ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలు ఏ కొంచెం మారినా తేడా చూపే గుర్తు సంఖ్య) లెక్కించి, నిర్ణీత వ్యవధిలో తిరిగి సరిచూసే ఏర్పాటు ఉంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ప్రదేశంలో. బ్యాకప్ తీయడంతో సరిపెట్టకుండా, దాని నుంచి నిజంగా తిరిగి తెచ్చి చూడడాన్ని కూడా ఆ షెడ్యూలులో చేర్పించాము.

మూల కాగితాలను ఏమి చేయాలన్నది దేశదేశానికీ మారే చట్టాన్ని బట్టి ఉంటుంది కనుక ఆ నిర్ణయం న్యాయ విభాగానిదే. సంతకాలున్న ఒప్పందాలు, హామీ పత్రాలు, మినిట్స్ పుస్తకాలు, పాత డ్రాయింగులు కాగితంగానే ఉంటాయి. వాటి పెట్టె బార్‌కోడ్ డిజిటల్ రికార్డులో ఉంటుంది. తక్కినవాటిని కూడా పైన చెప్పిన పరీక్ష ఆ వరుసకు పూర్తయ్యే వరకు నాశనం చేయకూడదని లిఖితపూర్వకంగా నిర్ణయించాము.

చేతిరాత రిజిస్టర్లు ఇంకా మిగిలి ఉన్నాయి. చేతిరాతను గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను కొన్ని పుటల మీద నడిపి చూశాము కానీ, గళ్లలో కిక్కిరిసిన అంకెల మీద దాని ఫలితాలు మా షరతుకు నిలవలేదు. ప్రస్తుతం ప్రతి పుటకూ మొదటి తేదీ, చివరి తేదీ, మొదటి వరుస సంఖ్య, చివరి వరుస సంఖ్య మాత్రమే నమోదు చేస్తున్నాము. వెతికేవారు నేరుగా ఆ పుటకు చేరి కంటితో చదువుకోవచ్చు. ఎక్కువగా అడిగే పదార్థాల రాక రిజిస్టరును ముందు తీసుకుని, వరుస వరుసగా ఇద్దరితో నమోదు చేయిస్తున్నాము. ఒక్కొక్క సంపుటం పూర్తయ్యేకొద్దీ ఫలితాల కింద కనిపించే మినహాయింపుల నుంచి దాని పేరు తొలగుతోంది.